యంత్రం ఆదేశాన్ని పాటించే తీరు

ఉద్దేశం: కంప్యూటర్‌లోని ప్రాసెసర్ ఒక్కొక్క ఆదేశాన్ని ఎలా తెచ్చుకుంటుందో, దాని అర్థాన్ని ఎలా తేల్చుకుంటుందో, ఎలా అమలు చేస్తుందో తెలుసుకోవడం; శాస్త్ర విషయాన్ని తెలుగులో చదివి, తెలుగులోనే ఇతరులకు వివరించగలగడం.

రైల్వే స్టేషన్‌లో టికెట్టు ఇచ్చే కంప్యూటర్, బ్యాంకులో ఖాతా లెక్క చూపే కంప్యూటర్, జేబులోని సెల్‌ఫోన్ ఏమి చేస్తున్నాయో అందరికీ తెలుసు. ఎలా చేస్తున్నాయో తెలిసినవారు కొద్దిమందే. “దానికి తెలియనిది లేదు” అని కొందరు, “అది మనిషి కన్నా తెలివైనది” అని మరికొందరు అంటూ ఉంటారు. కాని కంప్యూటర్‌కు గుండెకాయ వంటి ప్రాసెసర్‌ను దగ్గరగా చూస్తే, దానికి చేతనైన పనులు చాలా చిన్నవని తెలుస్తుంది. ఒక చోట ఉన్న సంఖ్యను మరొక చోటికి చేరుస్తుంది. రెండు సంఖ్యలను కూడుతుంది, తీసివేస్తుంది, పోలుస్తుంది. ఇంచుమించుగా అంతే. ఒకటో తరగతి పిల్లవాడి పలక మీద ఉండే లెక్కలకన్నా అవి గొప్పవి కావు.

ఈ చిన్న పనులనే ప్రాసెసర్ ఒక చక్రంలో పడి చేస్తుంది. మెమరీ నుండి ఒక ఆదేశాన్ని తెచ్చుకుంటుంది. అది ఏ ఆదేశమో తేల్చుకుంటుంది. దానిని అమలు చేస్తుంది. అమలు కాగానే తరువాతి ఆదేశం కోసం వెళుతుంది. తెచ్చుకోవడం, తేల్చుకోవడం, అమలు చేయడం – ఆగమని చెప్పేదాకా ఇదే వరుస. గానుగెద్దు అయినా మధ్యలో ఒకసారి నిలబడి తల విదిలిస్తుంది. దీనికి అదీ లేదు.

ఈనాటి ప్రాసెసర్లలో వందల కోట్ల ట్రాన్సిస్టర్లు ఉంటాయి. వాటితో మొదలుపెడితే అడవిలో దారి తప్పినట్లే. అందువల్ల ఒక పాత, చిన్న ప్రాసెసర్‌ను తీసుకుందాం. దాని పేరు 8085. అమెరికాలోని ఇంటెల్ సంస్థ దీనిని 1976లో విడుదల చేసింది. ఇందులో ఉన్నవి దాదాపు 6,500 ట్రాన్సిస్టర్లు మాత్రమే. చూడడానికి 40 కాళ్ల జెర్రి వలె ఉంటుంది. మన దేశంలో పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ విద్యార్థులు ఎన్నో ఏళ్లుగా దీని మీదనే పాఠాలు నేర్చారు. పాతదని దీనిని చిన్నచూపు చూడనవసరం లేదు. 1997 జూలైలో అంగారక గ్రహం మీద దిగి, అక్కడి రాళ్ల మధ్య తిరిగిన సోజర్నర్ అనే చిన్న బండిని నడిపింది ఈ 8085 జాతి ప్రాసెసరే.

ప్రాసెసర్ పని అర్థం కావాలంటే ముందుగా మెమరీని గురించి తెలుసుకోవాలి. పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే అరలను చూసినవారికి ఇది సులభం. మెమరీ కూడా అటువంటి అరల వరుస. ప్రతి అరకు ఒక నంబరు ఉంటుంది. దానిని చిరునామా అంటారు. ఒక్కొక్క అరలో ఒక బైట్, అంటే ఎనిమిది బిట్లు ఉంటాయి. బిట్ అంటే సున్న గాని, ఒకటి గాని. 8085 ఇటువంటి అరలను 65,536 వరకు చూడగలదు.

ఎనిమిదేసి సున్నలు, ఒకట్లు రాస్తూ పోతే కళ్లు తిరుగుతాయి. అందుకని నాలుగు బిట్లకు ఒక గుర్తు చొప్పున పదహారు గుర్తులతో రాయడం వాడుక. 0 నుండి 9 వరకు పది గుర్తులు, ఆపైన ఎ, బి, సి, డి, ఇ, ఎఫ్ అనే ఆరు గుర్తులు. పదిని ఎ అని, పన్నెండును సి అని, పదిహేనును ఎఫ్ అని రాస్తారు. అప్పుడు 00111110 అనే బైట్ 3ఇ అవుతుంది. ఈ పాఠంలో బైట్లను, చిరునామాలను ఈ పద్ధతిలోనే రాశాం.

ప్రాసెసర్ లోపల కూడా కొన్ని అరలు ఉంటాయి. వాటిని రిజిస్టర్లు అంటారు. 8085లో లెక్కలు చేసే రిజిస్టర్ పేరు ఎ. దానికి తోడుగా బి, సి, డి, ఇ, హెచ్, ఎల్ అని ఆరు ఉన్నాయి. వీటికి భిన్నమైనది, అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. దాని పేరు ప్రోగ్రాం కౌంటర్. తరువాత తేవలసిన బైట్ ఏ అరలో ఉందో, ఆ అర చిరునామా ఇందులో ఉంటుంది. భాగవతం చదివే తాతగారు పుస్తకంలో పెట్టుకున్న నెమలి ఈక వంటిది ఇది. ఈక ఎక్కడ ఉంటే చదువు అక్కడి నుండి సాగుతుంది.

5, 7 అనే రెండు సంఖ్యలను కూడి, మొత్తాన్ని 2050 చిరునామా గల అరలో పెట్టాలనుకుందాం. మనకు ఇది ఒక వాక్యం. 8085కు ఇవి ఐదు ఆదేశాలు. ఎలోకి 5 తెచ్చుకో. బిలోకి 7 తెచ్చుకో. ఎకు బిని కూడు. ఎలో ఉన్నదానిని 2050లో పెట్టు. ఆగు. ఈ ఐదు ఆదేశాలు మెమరీలో 2000వ అర నుండి తొమ్మిది బైట్లుగా ఇలా ఉంటాయి: 3ఇ, 05, 06, 07, 80, 32, 50, 20, 76.

ప్రోగ్రాం కౌంటర్‌లో 2000 ఉంచి పని మొదలుపెట్టమన్నాం. ప్రాసెసర్ తన చిరునామా తీగల మీద 2000 అనే సంఖ్యను నిలుపుతుంది. ‘చదువుతున్నాను’ అని మెమరీకి ఒక సంకేతం పంపుతుంది. మెమరీ ఆ అరలోని 3ఇ అనే బైట్‌ను ఎనిమిది తీగల మీద ఉంచుతుంది. ప్రాసెసర్ దానిని లోపలికి తీసుకుని, ఆదేశాలు నిలిపే రిజిస్టర్‌లో పెట్టుకుంటుంది. ఈలోగా ప్రోగ్రాం కౌంటర్ ఒకటి పెరిగి 2001 అయి ఉంటుంది. ఇది తెచ్చుకోవడం.

3ఇ అంటే ‘నా తరువాతి బైట్‌ను ఎలో వేయి’ అని తేలుతుంది. కనుక ప్రాసెసర్ మళ్లీ మెమరీకి వెళ్లి 2001లోని 05ను తెచ్చి ఎలో వేస్తుంది. కౌంటర్ 2002 అవుతుంది. అక్కడ 06 ఉంది. దాని అర్థం ‘నా తరువాతి బైట్‌ను బిలో వేయి’. 07 బిలోకి చేరుతుంది. 2004లోని 80కి తోడు బైట్ అక్కరలేదు. కూడవలసిన రెండూ లోపలనే ఉన్నాయి. కూడిక జరిగి ఎలోని 5 పోయి 12 వస్తుంది. 32 అంటే ‘ఎలోని విలువను ఫలానా అరలో పెట్టు’ అని. ఆ అర ఏదో తెలియాలంటే ఇంకా రెండు బైట్లు చదవాలి. అవి 50, 20. ఇంటెల్ వారి పద్ధతిలో చిరునామా చివరి సగం ముందు, మొదటి సగం తరువాత వస్తాయి. కొత్తగా నేర్చుకునేవారు ఇక్కడ తడబడడం మామూలే. 2050వ అరలో 12 చేరుతుంది. చివరిగా 76 వస్తుంది. ప్రాసెసర్ ఆగుతుంది.

ఇప్పుడు నడిమి పనిని కొంత నిదానంగా చూడాలి. 3ఇ అంటే ఏమిటో ప్రాసెసర్‌కు ఎలా తెలిసింది? దాని దగ్గర నిఘంటువు లేదు. వెదకి చూసుకునే పట్టికా లేదు. 3ఇ అనే బైట్‌ను విడదీస్తే 00, 111, 110 అని మూడు ముక్కలు అవుతాయి. మొదటి 00, చివరి 110 కలిసి ‘తరువాతి బైట్‌ను రిజిస్టర్‌లో వేయి’ అని చెబుతాయి. నడుమ ఉన్న 111 ఏ రిజిస్టరో చెబుతుంది. 111 అంటే ఎ. 000 అంటే బి, 001 అంటే సి, 010 అంటే డి, 011 అంటే ఇ, 100 అంటే హెచ్, 101 అంటే ఎల్. 06ను విడదీసి చూడండి: 00, 000, 110. అదే ఆదేశం, రిజిస్టర్ మాత్రం బి. తెలుగులో ‘ఇంటికి’, ‘ఊరికి’, ‘బడికి’ అన్నప్పుడు మాట మారినా ‘కి’ మారనట్లే ఇక్కడా ఒక భాగం నిలిచి ఉంటుంది, ఒక భాగం మారుతుంది.

80 అంటే 10, 000, 000. మొదటి 10 ‘ఇది లెక్క’ అని చెబుతుంది. నడిమి 000 ‘కూడిక’ అంటుంది. చివరి 000 ‘బితో’ అంటుంది. నడిమి 000 స్థానంలో 010 ఉంటే బైట్ 90 అవుతుంది. అప్పుడు అది తీసివేత. చూడండి, కూడికకు తీసివేతకు తేడా ఒక్క బిట్. మన ప్రోగ్రాంలో 80కి బదులు 90 అని పొరపాటున నొక్కితే 5లో నుండి 7 తీసివేయడం జరుగుతుంది. ఎనిమిది బిట్ల రిజిస్టర్‌లో రుణ సంఖ్యకు వేరే చోటు లేదు గనుక ఫలితం 254గా కనిపిస్తుంది. యంత్రం నొచ్చుకోదు, అనుమానించదు.

ఈ ముక్కలను యంత్రం ‘చదవడం’ అంటే అసలు ఏమి జరుగుతుంది? చెరువు కింద సాగు చేసే ఊళ్లలోని పిల్లలకు తూములు తెలుసు. చెరువులో నీరు ఒకటే. ఏ తూము తలుపు ఎత్తితే ఆ కాలువలోకి పారుతుంది. ప్రాసెసర్‌లోనూ అంతే. ఆదేశంలోని ఒక్కొక్క బిట్ ఒక్కొక్క తీగ మీద ఉన్న విద్యుత్ స్థితి. ఆ తీగలు లోపల వేల కొద్దీ చిన్న తలుపులను తెరుస్తాయి, మూస్తాయి. 111 అనే స్థితి వస్తే ఎ వైపు పోయే తలుపు తెరుచుకుంటుంది. 000 వస్తే బి తలుపు తెరుచుకుంటుంది. తేల్చుకోవడం అని మనం అంటున్నాం గాని, అక్కడ తేల్చుకునేవారు ఎవరూ లేరు. ఆ తలుపులను ఏ వరుసలో అమర్చాలో ముందుగా ఆలోచించినవారు ఇంజనీర్లు. తెలివి వారిది.

అన్ని ప్రాసెసర్లలోను తలుపుల అమరిక ఒకటే కాదు. రెండు భాషల నడుమ పెరిగే పిల్లలకు ఇది ఇట్టే అర్థమవుతుంది. ‘సొల్లు’ అన్న మాటను తమిళం మాట్లాడే పొరుగింట్లో అంటే ‘చెప్పు’ అని అర్థం. తెలుగు ఇంట్లో అదే మాటకు పసిబిడ్డ నోటి నుండి కారే చొంగ అని అర్థం. ‘బేడ’ అంటే కన్నడంలో వద్దు అని. తెలుగులో బేడ అంటే ఒకప్పటి రెండణాల నాణెం. ధ్వని ఒకటే, వినే చెవిని బట్టి అర్థం మారుతుంది. బైట్ల విషయమూ ఇంతే. 80 అనే బైట్ 8085కు కూడిక. 1974లో మోటరోలా సంస్థ తెచ్చిన 6800 అనే ప్రాసెసర్‌కు అదే 80 తీసివేత. ఒకదానికి రాసిన ఆదేశాలను మరొకదానికి ఇస్తే ‘నాకు అర్థం కాలేదు’ అని చెప్పవలసింది పోయి, తనకు తెలిసిన అర్థంతో చేసుకుపోతుంది.

ఒక ప్రాసెసర్ అర్థం చేసుకోగల ఆదేశాలన్నిటినీ కలిపి దాని ఆదేశ సమితి అంటారు. ఇవి చాలాకాలం ఆయా సంస్థల సొత్తుగా ఉన్నాయి. 2010లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో మొదలైన రిస్క్-ఫైవ్ అనే ఆదేశ సమితిని మాత్రం ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. చెన్నైలోని ఐ.ఐ.టి. మద్రాసు వారు దానిని ఆధారం చేసుకుని ‘శక్తి’ అనే ప్రాసెసర్లను రూపొందించారు. 2018లో ఆ చిప్పులు పనిచేసి చూపాయి.

మళ్లీ మన ఐదు ఆదేశాల దగ్గరకు వద్దాం. అవి పూర్తి కావడానికి ఎంత సేపు పడుతుంది? ప్రాసెసర్‌లో పనులన్నీ ఒక గడియారం టిక్కులకు అనుగుణంగా జరుగుతాయి. 8085లో ఆదేశాన్ని తెచ్చుకుని తేల్చుకోవడానికి సాధారణంగా నాలుగు టిక్కులు పడతాయి. మెమరీ నుండి మరొక బైట్ చదవడానికి మూడు, మెమరీలో రాయడానికి మూడు. ఆ లెక్కన మొదటి రెండు ఆదేశాలకు ఏడేసి, కూడికకు నాలుగు, ఫలితాన్ని పెట్టే ఆదేశానికి పదమూడు, ఆగమనే ఆదేశానికి ఐదు. మొత్తం 36 టిక్కులు. గడియారం సెకనుకు 30 లక్షల టిక్కులు కొడితే, పని అంతా సెకనులో లక్షకు పన్నెండు పాళ్లకన్నా చాలా తక్కువ, సరిగ్గా 12 మైక్రోసెకన్లలో అయిపోతుంది. మైక్రోసెకను అంటే సెకనులో పది లక్షల వంతు. ఇందులో గమనించవలసిన విషయం మరొకటి ఉంది. కూడికకు పట్టినవి నాలుగు టిక్కులే. మిగిలిన 32 తేవడానికి, పెట్టడానికి, ఆగడానికి పోయాయి. పెళ్లివంటలో పొయ్యి మీద ఉడికే సమయం కన్నా సరుకులు మోసే సమయం ఎక్కువైనట్లుంది ఇది. ప్రాసెసర్లను తయారుచేసేవారిని ఈనాటికీ వేధిస్తున్న సమస్య ఇదే.

ఇంతవరకు కౌంటర్ ఒక్కొక్క అర చొప్పున ముందుకే నడిచింది. ఎప్పుడూ ఇలాగే నడిస్తే కంప్యూటర్ వల్ల పెద్ద ప్రయోజనం ఉండదు. కౌంటర్‌లోని చిరునామానే మార్చే ఆదేశాలు కొన్ని ఉన్నాయి. వాటిని దూకుడు ఆదేశాలు అనవచ్చు. నెమలి ఈకను తీసి మరొక పుటలో పెట్టడం వంటిది ఇది. 8085కు గుణకారం రాదు. 7ను 6తో హెచ్చవేయాలంటే, ఎలో సున్న వేసి, బిలో 6 వేసి, ఎకు 7 కూడి, బిలో ఒకటి తగ్గించి, ‘బి సున్న కాకపోతే వెనక్కి దూకి మళ్లీ కూడు’ అని చెప్పాలి. ఆరుసార్లు తిరిగాక బి సున్న అవుతుంది. అప్పుడు దూకుడు జరగదు. ఎలో 42 ఉంటుంది. ‘ఇలా అయితే ఇటు, కాకపోతే అటు’ అనే ఈ ఒక్క సౌకర్యం లేకపోతే రైలు టికెట్టు ఖాళీ చూసే ప్రోగ్రాం గాని, చదరంగం ఆడే ప్రోగ్రాం గాని పుట్టేవి కావు.

ఆదేశాలను, అంకెలను ఒకే మెమరీలో ఉంచడం మనకు ఇప్పుడు సహజంగా తోస్తుంది. మొదట అలా లేదు. అమెరికాలో 1945లో పూర్తయిన ఎనియాక్ అనే యంత్రంలో సుమారు 18,000 వాక్యూం ట్యూబులు ఉండేవి. దానికి కొత్త పని చెప్పాలంటే తీగలు పీకి వేరేచోట గుచ్చాలి, మీటలు మార్చాలి. ఆ పని ఆరుగురు యువతులు చేసేవారు. ఒక లెక్క నుండి మరొక లెక్కకు మారడానికి రోజులు పట్టేది. ఎనియాక్‌ను నిర్మించిన ఎకర్ట్, మాక్లీల బృందంతో కలిసి పనిచేసిన గణిత శాస్త్రవేత్త జాన్ ఫాన్ నాయిమన్, ఆదేశాలను కూడా సంఖ్యలుగా మెమరీలోనే ఉంచే పద్ధతిని 1945 జూన్‌లో ఒక నివేదికగా రాశారు. ఆ ఆలోచనలో ఎవరి పాలు ఎంత అన్నది తరువాత పెద్ద వివాదమైంది. నివేదిక మీద ఒక్కరి పేరే ఉండడం దానికి కారణం. ఆ పద్ధతిలో మెమరీ నుండి ఆదేశాలను తెచ్చుకుని పనిచేసిన మొదటి యంత్రం ఇంగ్లండులోని మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో 1948 జూన్ 21న ఒక లెక్క పూర్తిచేసింది. దాని మెమరీలో 32 అరలే. దానికి తెలిసిన ఆదేశాలు ఏడే. ఆ ఒక్క లెక్కకు 52 నిమిషాలు పట్టింది. అయినా తెచ్చుకోవడం, తేల్చుకోవడం, అమలు చేయడం అనే చక్రం అక్కడ తిరిగింది.

ఒకే మెమరీ కావడం వల్ల పని తేలికైంది. దానితోపాటు ఒక ప్రమాదమూ వచ్చింది. మన కూడిక ఫలితాన్ని మళ్లీ చూద్దాం. 2050వ అరలో చేరిన పన్నెండును పదహారు గుర్తుల పద్ధతిలో 0సి అని రాస్తారు. అక్కడ అది ఒక సంఖ్య. ప్రోగ్రాం కౌంటర్ ఎప్పుడైనా 2050కి చేరితే అదే 0సి ఒక ఆదేశం అవుతుంది. ‘సి రిజిస్టర్‌లో ఒకటి పెంచు’ అని దాని అర్థం. ఇంకొక అర్థమూ ఉంది. ప్రపంచ లిపులన్నిటికీ సంఖ్యలు కేటాయించిన యూనికోడ్ పద్ధతిలో తెలుగు అక్షరాల సంఖ్యలన్నీ 0సితోనే మొదలవుతాయి. ‘అ’ సంఖ్య 0సి05. ఫైళ్లలో అక్షరాలను దాచే పద్ధతులు వేరే కూడా ఉన్నాయి గాని, ఈ సంఖ్యను ఉన్నదున్నట్లు రెండు బైట్లుగా మెమరీలో ఉంచామనుకుందాం. 8085 ఆ రెండు బైట్లను ఆదేశాలుగా తెచ్చుకుంటే ఏమవుతుంది? 0సికి సిలో ఒకటి పెంచుతుంది. 05కు బిలో ఒకటి తగ్గిస్తుంది. మనం ఓనమాలలో మొదట దిద్దిన అక్షరం దానికి ఒక పెంపు, ఒక తగ్గింపు. బైట్ మీద ‘నేను అంకెను’, ‘నేను అక్షరాన్ని’, ‘నేను ఆదేశాన్ని’ అని ఎక్కడా రాసి ఉండదు. కౌంటర్ చూపినది ఆదేశం, అంతే.

మన ప్రోగ్రాంను 2000కు బదులు 2001 నుండి మొదలుపెట్టి చూడండి. అక్కడ ఉన్న 05 మనకు కూడవలసిన సంఖ్య. ఇప్పుడు అది ఆదేశమై బిలో ఒకటి తగ్గిస్తుంది. తరువాత 06, 07 యథాప్రకారం బిలో 7 వేస్తాయి. ఎలోకి 5 రానేలేదు. అంతకుముందు అక్కడ ఏది ఉంటే దానికి 7 చేరుతుంది. ఎలో 100 ఉండి ఉంటే 2050లో 107 వస్తుంది. ఒక్క అర తేడా. ఎక్కడా హెచ్చరిక రాదు. చివరి 76ను మరచిపోతే ఇంకా విడ్డూరం. ప్రాసెసర్ 2008ని దాటి, ఆ పైన మెమరీలో ఏమి పడి ఉంటే దానినే ఆదేశంగా భావించి చేసుకుంటూ పోతుంది.

ఇది ప్రయోగశాలలో జరిగితే విద్యార్థి మళ్లీ మొదలుపెడతాడు. లోకంలో జరిగితే సంగతి వేరు. ప్రాసెసర్ ఒక పని నడుమ మరొక చిన్న పనికి వెళ్లేటప్పుడు, తిరిగి ఎక్కడికి రావాలో ఆ చిరునామాను మెమరీలో రాసి పెట్టుకుంటుంది. పని ముగిశాక ఆ చిరునామాను చదివి కౌంటర్‌లో వేసుకుంటుంది. 1988 నవంబర్ 2న అమెరికాలో ఒక విద్యార్థి విడిచిన ప్రోగ్రాం ఈ ఏర్పాటును వాడుకుంది. చాలా కంప్యూటర్లలో బయటి నుండి వచ్చే ప్రశ్నను అందుకునే ఒక ప్రోగ్రాం ఉండేది. ప్రశ్న కోసం అది 512 బైట్ల చోటు కేటాయించింది. వచ్చిన ప్రశ్న అంతలోనే ఉందా అని మాత్రం చూసేది కాదు. విద్యార్థి పంపిన ప్రశ్న అంతకన్నా పొడవు. కుండ నిండి పొర్లినట్లు, అదనపు బైట్లు పక్కన ఉన్న తిరుగు చిరునామా మీద పడి దానిని చెరిపివేశాయి. కొత్త చిరునామా ఆ ప్రశ్న లోపలికే దారి చూపింది. ప్రశ్నగా వచ్చిన బైట్లు ఆదేశాలై అమలయ్యాయి. వేల కంప్యూటర్లు స్తంభించిపోయాయి. ఆ విద్యార్థి పేరు మీదుగా దానిని మోరిస్ వర్మ్ అని పిలుస్తారు.

దీనికి విరుగుడుగా తరువాతి ప్రాసెసర్లలో ఒక ఏర్పాటు వచ్చింది. మెమరీలోని ఒక్కొక్క భాగానికి ‘ఇక్కడ ఉన్నవి సమాచారం మాత్రమే, ఆదేశాలు కావు’ అని ఒక బిట్‌తో గుర్తు పెడతారు. కౌంటర్ ఆ భాగంలోకి వెళితే ప్రాసెసర్ తెచ్చుకోవడం ఆపి, అభ్యంతరం చెబుతుంది. 2003లో ఎ.ఎం.డి. సంస్థ 64 బిట్ల ప్రాసెసర్లతో ఇది సాధారణ కంప్యూటర్లలోకి ప్రవేశించింది. అయితే ఆ గుర్తు ఎక్కడ పెట్టాలో చెప్పవలసింది ప్రోగ్రాంలు రాసే మనిషే.

ఈనాటి ప్రాసెసర్ గడియారం సెకనుకు 300 కోట్ల టిక్కులు కొడుతుంది. ఒక టిక్కుకూ మరొక టిక్కుకూ నడుమ వెలుతురు కూడా పది సెంటీమీటర్ల దూరమే పోగలదు. అందుకే తరచు కావలసిన ఆదేశాలకు, అంకెలకు ప్రాసెసర్ లోపలనే ఒక చిన్న మెమరీని ఏర్పాటు చేశారు. అటక మీది డబ్బా నుండి కాక, పొయ్యి పక్కనున్న పోపుల పెట్టె నుండి ఆవాలు తీసినట్లు.

చక్రం తిరిగే తీరులోనూ ఒక మార్పు వచ్చింది. వేసవిలో ఇంట్లో అప్పడాలు చేయడం చూడండి. ఒక్కరే ఉండ చేసి, ఒత్తి, ఆరబెట్టి, మళ్లీ ఉండ చేస్తే పొద్దు గూకుతుంది. అమ్మమ్మ ఉండలు చేస్తుంటే అమ్మ ఒత్తుతుంది, పిల్లలు చీర మీద ఆరబెడతారు. ఒక్కొక్క అప్పడానికి పట్టే సమయం తగ్గలేదు గాని, గంటలో లేచే అప్పడాలు మూడింతలవుతాయి. కొత్త ప్రాసెసర్లలో ఒక ఆదేశం అమలవుతూ ఉండగా, రెండవదాని అర్థం తేలుతూ ఉంటుంది, మూడవది మెమరీ నుండి వస్తూ ఉంటుంది.

చిక్కు దూకుడు ఆదేశం దగ్గర వస్తుంది. దూకాలా వద్దా అన్నది అది అమలయ్యాక గాని తెలియదు. అప్పటికే దాని వెనుక ఆదేశాలు బారులు తీరి ఉంటాయి. అందువల్ల ప్రాసెసర్ ముందుగానే ఊహించి, ఏదో ఒక దారిలోని ఆదేశాలను తెచ్చుకుంటుంది. పోయినసారి ఇదే చోట దూకిందా లేదా అన్నది గుర్తుంచుకుని దానిని బట్టి ఊహిస్తుంది. ఊహ నిజమైతే సమయం కలిసివస్తుంది. తప్పితే సగంలో ఉన్న పనినంతా పారవేసి, కౌంటర్‌ను సరైన చిరునామాకు మార్చి, మొదటి ఆదేశం నుండి మళ్లీ తెచ్చుకుంటుంది.

అభ్యాసం

1. ప్రోగ్రాం కౌంటర్‌ను పాఠంలో దేనితో పోల్చారు? మీ ఇంట్లో, ఊళ్లో కనిపించే మరొకదానితో పోల్చి రాయండి.

2. 91 అనే బైట్‌ను బిట్లుగా విడదీసి, 8085 దానిని ఎలా అర్థం చేసుకుంటుందో చెప్పండి.

3. ‘ఇలో 9 వేయి’ అనే ఆదేశానికి కావలసిన రెండు బైట్లను పాఠంలోని వివరాల ఆధారంగా తయారుచేయండి.

4. పాఠంలోని తొమ్మిది బైట్ల ప్రోగ్రాంను 2002 నుండి మొదలుపెడితే ఏమి జరుగుతుంది? ఫలితం దేని మీద ఆధారపడుతుంది?

5. మీ ప్రాంతపు భాషలోను తెలుగులోను ఒకే విధంగా వినిపించి, వేరు వేరు అర్థాలు గల మాటలు మూడు సేకరించి, సొంత వాక్యాలలో ప్రయోగించండి.

6. తెచ్చుకోవడం, తేల్చుకోవడం, అమలు చేయడం – ఈ మూడు పాత్రలను ముగ్గురు విద్యార్థులు తీసుకుని, పాఠంలోని ప్రోగ్రాంను తరగతిలో నడిపి చూపండి. అరలకు బదులు నల్లబల్ల మీద గడులు గీసుకోండి.